క్లచ్, ఫ్లైవీల్ విప్పాలంటే: పనిముట్లు, వాటిని చేరే దారులు

ఫ్లైవీల్ అంటే ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ చివర తిరిగే బరువైన చక్రం, ప్రెషర్ ప్లేటు అంటే క్లచ్ ప్లేటును దానికి నొక్కి పట్టేది. చాలా చిన్న కార్లలో ప్రెషర్ ప్లేటును ఫ్లైవీల్‌కు పట్టి ఉంచేవి ఆరు బోల్టులే. వాటిని విప్పడానికి అరగంట కూడా పట్టదు. అవి కంటికి కనబడే దాకా చేరడానికి మాత్రం రోజంతా పడుతుంది. మధ్యలో బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్, గేర్ కేబుళ్లు, స్టార్టర్ మోటారు, యాక్సిళ్లు, మౌంటింగులు, చివరికి గేర్ బాక్స్ మొత్తం అడ్డం ఉంటాయి. క్లచ్ పనిలో ముక్కాలు భాగం దారి చేసుకోవడమే. తొందరపడి ఒక భాగాన్ని తీయకుండా పక్కనుంచి చెయ్యి దూర్చి బోల్టు తిప్పాలని చూసినప్పుడే బోల్టు తల అరుగుతుంది, వేళ్లు తెగుతాయి, పని రెండింతలవుతుంది. అడ్డం ఉన్నదాన్ని ముందే తీసేయడం ఎప్పుడూ లాభమే.

బ్రేక్ ప్యాడ్లు, ఆయిలు మార్పిడి వంటివి సొంతంగా చేసుకున్న అనుభవం ఉండి, ఇంకో మెట్టు ఎక్కాలనుకునేవారికి, షెడ్డులో కొత్తగా పని నేర్చుకుంటున్న పిల్లలకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. ముందుగా ఆల్టో, స్విఫ్ట్ వంటి ముందు చక్రాల బండ్ల (ఇంజిన్ ముందు చక్రాలను తిప్పేవి) సంగతి, తర్వాత బొలేరో, ఈకో వంటి వెనక చక్రాల బండ్ల సంగతి చెబుతాను.

విప్పాలో వద్దో ముందు తేల్చుకోండి

మా కడప బండ్లకు క్లచ్ తొందరగా పోవడానికి పెద్ద కారణం హాఫ్ క్లచ్. రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటులో లోడు లారీ వెనక నత్తనడకన ఎక్కేటప్పుడు, ఏడు రోడ్ల సర్కిల్ దగ్గర అంగుళం అంగుళం జరిగేటప్పుడు కాలు పెడల్ మీదే ఉంటుంది. క్లచ్ ప్లేటు సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. మూడో గేరులోనో నాలుగో గేరులోనో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే.

అయినా వెంటనే జాకీ తీయవద్దు. ఆల్టో లాంటి కేబుల్ క్లచ్ బండిలో కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా ప్లేటు జారుతుంది. పెడల్‌కు కొంత ఫ్రీ ప్లే (క్లచ్ మీద బలం పడకముందు పెడల్ వదులుగా కదిలే దూరం) ఉందో లేదో చూసి, అడ్జస్ట్ చేసి నడిపి చూడండి. హైడ్రాలిక్ క్లచ్ అయితే గేర్లు కష్టంగా పడటానికి స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే చిన్న సిలిండర్) లీకు కారణం కావచ్చు. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కిర్రుమని చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్‌ను (పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు స్ప్రింగును నొక్కేది) అనుమానించాలి. దాన్ని మార్చాలన్నా గేర్ బాక్స్ దింపక తప్పదు కాబట్టి, అప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ సెట్టుగా మార్చేయడమే తెలివైన పని. బేరింగ్ డబ్బులు మిగుల్చుకుని ఇంకో ఏడాదికి మళ్లీ గేర్ బాక్స్ దింపుకోవడంలో అర్థం లేదు.

నేల, నీడ, ఎత్తు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే.

మా జిల్లాలో ఇంటి ముంగిట, షెడ్డులో, కారు పెట్టుకునే చోట నాపరాయి బండలే పరిచి ఉంటాయి. చూడటానికి గట్టిగా ఉంటాయి, నిజానికి పరుచుకున్న బరువుకు బాగానే ఆగుతాయి. కానీ జాకీ స్టాండు కాళ్లు బరువంతా నాలుగు చిన్న చోట్ల మోపుతాయి. బండ కింద ఇసుక జరిగిపోయి గుల్లగా ఉంటే అక్కడ ఫట్‌మని పగులుతుంది. స్టాండు పెట్టబోయే చోట సుత్తి పిడితో కొట్టి చూడండి. నిండుగా టక్‌మంటే మంచిదే, డొల్లగా మోగితే ఆ బండ వదిలేయండి. ఎక్కడైనా సరే, స్టాండు కింద అడుగున్నర చదరం మందపాటి ప్లైవుడ్ ముక్క వేస్తే బరువు పరుచుకుంటుంది. పైగా నాపరాయి మీద ఆయిల్ చుక్క పడితే జాకీ చక్రాలు జారతాయి, అందుకని గేర్ ఆయిల్ దించగానే నేల మీద రంపపు పొట్టు చల్లి తుడిచేయాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేల మీదైతే వాన పడ్డాక ఈ పని అసలు మొదలుపెట్టవద్దు. పైన ఎండినట్టు కనిపించినా స్టాండు లోపలికి దిగిపోతుంది.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. నాపరాయి ముక్కలు చుట్టుపక్కల ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కదా అని వాటిని దొంతరగా పేర్చి బండిని నిలబెట్టకండి. ఇటుకలూ వద్దు. రాయి పగిలే ముందు వంగదు, చప్పుడు చేసి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. బండి బరువుకు తగిన రెండు ఇనుప స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని ఆపేయండి.

ఎంత ఎత్తు కావాలి? దింపిన గేర్ బాక్స్ జాకీ మీద కూర్చుని బంపర్ కింద నుంచి బయటికి రావాలి. బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్‌లో క్లచ్‌ను కప్పి ఉంచే గంట ఆకారపు భాగం) ఎత్తు, పూర్తిగా దించిన జాకీ ఎత్తు రెండూ కలిపి కొలిచి, పైన నాలుగు వేళ్ల ఖాళీ కలుపుకోండి. చిన్న కార్లకు బంపర్ కింద దాదాపు 2 అడుగులు ఉంటే పని సాఫీగా సాగుతుంది. స్టాండ్లను మాన్యువల్‌లో చూపిన గట్టి చోట్లే పెట్టాలి, రేకు మీద కాదు. వెనక చక్రాలకు రెండు పక్కలా అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, స్టాండ్ల మీదికి దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. మీరు పక్కన నిలబడి ఊపినప్పుడు కదలని బండి కిందికే దూరండి.

నీడ సంగతి కూడా ముందే చూసుకోవాలి. యాక్సిళ్లు తీశాక బండిని పక్కకు జరపలేరు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో పెట్టిన పానాను మధ్యాహ్నం చేత్తో పట్టుకోలేం. వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది కానీ, విప్పిన క్లచ్ మీద దుమ్ము, ఆకులు రాలతాయి. షెడ్డు లేదా రేకుల పందిరి ఉంటే అదే మేలు. పొద్దున్నే 6 గంటలకు మొదలుపెడితే ఎండ ముదిరే లోపు గేర్ బాక్స్ కిందికి వస్తుంది.

పనిముట్లు

మారుతి, హ్యుందాయ్ బండ్లకు ఎక్కువగా 10, 12, 14, 17 సైజులు పడతాయి. టాటా, మహీంద్రా బండ్లలో 13 కూడా బాగా వస్తుంది. యూరప్ కంపెనీల బండ్లయితే 13, 16, 18తో పాటు నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు కావాలి. సాకెట్లు కొనేటప్పుడు లోపల ఆరు మూలలున్నవే తీసుకోండి. పన్నెండు మూలలవి తుప్పు పట్టిన బోల్టు తలను గుండ్రంగా చేసేస్తాయి.

అసలు తేడా తెచ్చేవి ఎక్స్‌టెన్షన్ రాడ్లు. 3, 6, 10 అంగుళాలవి ఒక్కోటి ఉంటే కలిపి పొడుగు చేసుకోవచ్చు. వంకర దారుల్లో తిరగడానికి ఒక యూనివర్సల్ జాయింటు తప్పనిసరి. బెల్ హౌసింగ్ పై బోల్టుల దాకా చెయ్యి పోదు, ఈ రాడ్డే పోవాలి. యాక్సిల్ నట్టుకు చాలా బండ్లలో 30 లేదా 32 సాకెట్ పడుతుంది. దానికి 2 అడుగుల టామీ రాడ్డు ఉండాలి. మామూలు రాట్చెట్‌కు పైపు తొడిగి తిప్పితే దాని పళ్లు పోతాయి.

మిగతావి: బాల్ జాయింట్ విడదీసే పుల్లర్, యాక్సిల్ లోపలి చివరను పెకలించడానికి చిన్న గడ్డపార, ఆయిల్ పట్టే బేసిను, తలకు పెట్టుకునే లైటు, చిన్న అద్దం, టార్క్ రెంచ్, క్లచ్ ప్లేటును మధ్యలో నిలిపే సెంటరింగ్ టూల్, ఫ్లైవీల్ పళ్లను పట్టి ఆపే లాక్. చివరి రెండూ ఖరీదైనవి కావు, వాటి బదులు స్క్రూడ్రైవర్‌తో నెట్టుకొద్దామనుకోవద్దు.

ఖరీదైనది గేర్ బాక్స్ జాకీ. రోజూ పని చేయనివారు కొనక్కర్లేదు, తెలిసిన షెడ్డులో ఒక రోజుకు అడిగి తెచ్చుకోవచ్చు. మామూలు ట్రాలీ జాకీ మీద గేర్ బాక్స్ నిలవదు, ఎందుకంటే దాని బరువు ఒక పక్కకే ఉంటుంది. తప్పదంటే జాకీ తల మీద చెక్క పలక బిగించి, గేర్ బాక్స్‌ను పట్టీతో కట్టేయాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. చిన్న కారు గేర్ బాక్స్ కూడా 30 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కింద పడుకుని ఛాతీ మీదికి దించుకునే బరువు కాదది.

డబ్బు ఖర్చు లేకుండా చేసుకోగలిగిన గొప్ప పనిముట్టు ఒకటుంది. బెల్ హౌసింగ్ బోల్టుల మర సైజులోనే రెండు పొడుగు బోల్టులు కొని, తలలు కోసేసి, కొనలో స్క్రూడ్రైవర్ పట్టేంత గాటు పెట్టండి. గేర్ బాక్స్‌ను విడదీసే ముందు రెండు ఎదురెదురు రంధ్రాల్లో వీటిని బిగిస్తే అది వాటి మీదుగా నేరుగా వెనక్కి జరుగుతుంది. తిరిగి ఎక్కించేటప్పుడైతే వీటి విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

తుప్పు పట్టిన బోల్టులన్నిటికీ ముందురోజు సాయంత్రమే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి పెట్టండి.

పై నుంచి

బ్యాటరీ నెగటివ్ వైరు మొట్టమొదట తీయాలి. స్టార్టర్‌కు వచ్చే లావు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులు చిమ్ముతాయి. తర్వాత బ్యాటరీని, దాని ట్రేను, ఎయిర్ ఫిల్టర్ డబ్బాను, గొట్టాలను పూర్తిగా తీసి పక్కన పెట్టండి. చాలా చిన్న కార్లలో ఇవి సరిగ్గా గేర్ బాక్స్ నెత్తిన ఉంటాయి. ఇవి పోగానే గేర్ కేబుళ్లు, రివర్స్ లైట్ స్విచ్, స్పీడ్ సెన్సర్, పై బోల్టులు ఒక్కసారిగా బయటపడతాయి. ప్రతి వైరు విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. కొన్ని బండ్లలో క్రాంక్ సెన్సర్ బెల్ హౌసింగ్‌లోనే ఉంటుంది, గేర్ బాక్స్ లాగేటప్పుడు అది నలగకుండా ముందే తీయాలి.

హైడ్రాలిక్ క్లచ్ బండిలో స్లేవ్ సిలిండర్ బయట ఉంటే పైపు విప్పకుండానే సిలిండర్‌ను ఊడదీసి పక్కకు కట్టేయొచ్చు. అప్పటి నుంచి పని అయ్యేదాకా ఎవరూ క్లచ్ పెడల్ తొక్కకూడదు. తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. స్టీరింగ్‌కు ఒక కాగితం అంటించి పెట్టండి, ఇంట్లో పిల్లలుంటే తాళం చెవి జేబులో వేసుకోండి. స్లేవ్ సిలిండర్ బెల్ హౌసింగ్ లోపలే ఉండే రకమైతే పైపు విప్పక తప్పదు, కొత్త క్లచ్‌తో పాటు ఆ సిలిండర్‌నూ మార్చడమే మంచిది.

బండి ఇంకా నేల మీద ఉండగానే పై బోల్టులు, స్టార్టర్ బోల్టులు, యాక్సిల్ నట్లు, వీల్ నట్లు వదులు చేసుకోండి. నిలబడి తిప్పినప్పుడు వచ్చే బలం పడుకుని తిప్పినప్పుడు రాదు. యాక్సిల్ నట్టు అంచును షాఫ్ట్ గాడిలోకి నొక్కి ఉంటే, ముందు చిన్న ఉలితో ఆ అంచును పైకి లేపాలి. అలాంటి నట్టును మళ్లీ వాడకూడదు.

కింద నుంచి

బండిని స్టాండ్ల మీద పెట్టి చక్రాలు తీశాక గేర్ ఆయిల్ దించాలి. ఇక్కడ ఒక నియమం ఉంది: ఆయిల్ పోసే పై ప్లగ్ ఊడి వస్తుందని నిర్ధారించుకున్నాకే కింది ప్లగ్ విప్పండి. ఆయిలంతా దించాక పైది రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

కింది బాల్ జాయింట్ బోల్టు తీసి ఆర్మ్‌ను కిందికి నొక్కితే హబ్ బయటికి వంగుతుంది. అప్పుడు యాక్సిల్ బయటి చివర హబ్ నుంచి జారి వస్తుంది. లోపలి చివరకు గేర్ బాక్స్ అంచున గడ్డపార ఆనించి ఒక్క ఉదుటున పెకలించాలి. షాఫ్టును పట్టుకుని లాగితే లోపలి జాయింటు విడిపోతుంది, దాని బేరింగులు రబ్బరు బూటులోకి రాలిపోతాయి. ఆయిల్ సీలు పెదవికి గడ్డపార తగలనివ్వకండి. తీసిన యాక్సిళ్లను వేలాడదీయకుండా వైరుతో కట్టండి లేదా బయటికి తీసేయండి.

ఇప్పుడు ఇంజిన్‌కు ఆసరా. గేర్ బాక్స్ మౌంటింగు విప్పగానే ఇంజిన్ ఆ పక్కకు ఒరుగుతుంది. పైన రెండు ఫెండర్ల గట్టి అంచుల మీద ఆనే అడ్డకడ్డీ వేసి గొలుసుతో ఇంజిన్‌ను పట్టి ఉంచడమే అన్నిటికంటే మంచి పద్ధతి, ఎందుకంటే కింద చోటంతా ఖాళీగా ఉంటుంది. అది లేకపోతే ఇంజిన్ సంపు (కింది ఆయిల్ తొట్టి) అంచు కింద వెడల్పు చెక్క దిమ్మె పెట్టి రెండో జాకీ ఆనించాలి. సంపు మధ్యలో పలచని రేకు ఉంటుంది, అక్కడ జాకీ పెడితే లోపలికి సొట్టపడి ఆయిల్ పీల్చే గొట్టానికి తగులుతుంది.

గేర్ బాక్స్ దింపడం

స్టార్టర్ తీసేశాక గేర్ బాక్స్ కింద జాకీ పెట్టి, బరువు కాస్త దాని మీదికి వచ్చేదాకా లేపండి. మౌంటింగులు విప్పండి. మిగిలిన బెల్ హౌసింగ్ బోల్టులు తీస్తూ, ఒక అట్టముక్క మీద బెల్ హౌసింగ్ గుండ్రంగా గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. వాటి పొడవులు ఒకటిగా ఉండవు. పొడుగు బోల్టు పొట్టిదాని చోట బిగిస్తే అల్యూమినియం హౌసింగ్ పగులుతుంది.

రెండు గైడ్ బోల్టులు ఎక్కించి గేర్ బాక్స్‌ను మెల్లగా ఊపుతూ వెనక్కి లాగండి. డోవెల్ పిన్నుల (గేర్ బాక్స్‌ను ఇంజిన్‌కు సరిగ్గా కూర్చోబెట్టే చిన్న పిన్నులు) దగ్గర బిగుసుకుంటే సందులో పలచని గడ్డపారతో నాలుగు పక్కలా కొద్దికొద్దిగా తెరవాలి. అయినా రాలేదంటే బలం పెంచకండి. షెడ్డులో పెద్ద మేస్త్రీ పిల్లోడికి చెప్పే మాటే ఇక్కడా పనికొస్తుంది: "రాలేదంటే ఇంకో బోల్టు ఉండాది, చూడు అబ్బీ." స్టార్టర్ వెనక దాక్కున్నదో, కింద చిన్న రేకు కవరును పట్టుకున్నదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది.

సందు తెరుచుకున్నాక కూడా గేర్ బాక్స్ ఇంజిన్‌కు సమాంతరంగానే ఉండాలి. గేర్ బాక్స్ నుంచి క్లచ్ ప్లేటులోకి దూరి ఉండే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆ ప్లేటులో నుంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా దాని బరువు షాఫ్ట్ మీద వేలాడకూడదు. పాత ప్లేటే కదా అనుకుంటారు, కానీ షాఫ్ట్ మీద పడే ఒత్తిడి గేర్ బాక్స్ లోపలి బేరింగుకు చేరుతుంది. అందుకే షాఫ్ట్ బయటపడ్డాకే జాకీని దించాలి.

బొలేరో, ఈకో వంటివి

వెనక చక్రాల బండ్లలో యాక్సిళ్ల గొడవ లేదు. గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే పొడుగు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. విప్పే ముందు ఫ్లాంజి రెండు పక్కలా సుద్దముక్కతో ఒకే గీత గీయండి, తిరిగి అలాగే కలపకపోతే బండి వణుకుతుంది. బొలేరో లాంటివాటిలో గేర్ లివరును క్యాబిన్ లోపలి నుంచి తీయాలి.

వీటిలో కష్టమంతా బెల్ హౌసింగ్ నెత్తి మీది బోల్టులదే. బొలేరో లాంటివాటిలో ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉండే రేకు గోడ) అతుక్కున్నట్టు ఉంటాయి, పైనుంచి చెయ్యి పోదు. దీనికి దారి ఇది: గేర్ బాక్స్‌ను జాకీ మీద ఉంచి, వెనక అడ్డబద్ద తీసి, తోక భాగాన్ని కొద్దికొద్దిగా కిందికి దించండి. ఇంజిన్ వెనక్కి వాలి పై బోల్టులకు సందు దొరుకుతుంది. రెండు, మూడు ఎక్స్‌టెన్షన్లు కలిపి, కొనకు యూనివర్సల్ జాయింటు పెట్టి, గేర్ బాక్స్ తోక వైపు నుంచి దాని వీపు మీదుగా సాకెట్ పంపితే బోల్టు దొరుకుతుంది. ఇంజిన్ వాలేటప్పుడు ముందు ఫ్యాను రేడియేటర్‌కు తగులుతుందేమో, గొట్టాలు లాగుకుపోతున్నాయేమో ఇంకొకరు చూస్తూ ఉండాలి.

క్లచ్ విప్పడం

ముందు దుమ్ము సంగతి. క్లచ్ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్ కొట్టి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూట కట్టి పారేయండి.

ఫ్లైవీల్‌కు లాక్ వేసి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఒక్కోటి ఒక్క చుట్టు చొప్పున, ఎదురెదురుగా వదులు చేయండి. లోపల డయాఫ్రం స్ప్రింగు బలంగా నొక్కుతూ ఉంటుంది, ఒక పక్క బోల్టులన్నీ ముందే తీసేస్తే కవరు వంకర పోతుంది, చివరి బోల్టు మర తెగుతుంది. చివరి రెండు బోల్టులు తీసేటప్పుడు ఒక చెయ్యి కింద పెట్టండి, ప్లేటు జారి కాలి మీద పడుతుంది. పాత ప్లేటు ఏ ముఖం ఇంజిన్ వైపు ఉందో ఫోటో తీసుకోండి. సాధారణంగా స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న పక్క గేర్ బాక్స్ వైపు ఉంటుంది.

ఫ్లైవీల్

ప్రతిసారీ ఫ్లైవీల్ తీయక్కర్లేదు. ముఖం మీద వేలిగోరు తగిలేంత గాట్లు, నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉంటే తీయాలి. దాని వెనక నుంచి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే కూడా తీసి క్రాంక్ వెనక సీలు మార్చాలి, లేకపోతే కొత్త ప్లేటు ఆ ఆయిల్‌కు తడిసి మళ్లీ జారుతుంది. క్లచ్ వదిలేటప్పుడు బండి వణికినా ఫ్లైవీల్ ముఖాన్ని జాగ్రత్తగా చూడాలి.

లాక్‌ను స్టార్టర్ రంధ్రం దగ్గరో, బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రంలో బిగించో పళ్లకు పట్టించాలి. స్క్రూడ్రైవర్ ఇరికిస్తే పళ్లు విరుగుతాయి, అది జారితే ముఖానికి తగులుతుంది. క్రాంక్‌కు, ఫ్లైవీల్‌కు కలిపి ఒక గుర్తు పెట్టుకోండి. కొన్ని ఇంజిన్లలో రంధ్రాలు అసమానంగా ఉండి ఒకే తీరుగా కూర్చుంటాయి, కొన్నింటిలో అలా ఉండదు. బోల్టులు చాలా గట్టిగా, తరచూ థ్రెడ్ లాక్‌తో (మరలు వదులు కాకుండా పూసే జిగురు) బిగించి ఉంటాయి. టామీ రాడ్డుతో నిదానంగా, సాకెట్ బోల్టు తల మీద పూర్తిగా కూర్చుందో లేదో ప్రతిసారీ చూసి తిప్పండి. వాటిలో ఎదురెదురుగా ఉన్న రెండింటిని కొన్ని చుట్లు వదులు చేసి అలాగే ఉంచి, మిగతావన్నీ తీసేశాక ఫ్లైవీల్‌ను ఊపి వదులు చేస్తే అది ఒక్కసారిగా ఊడిపడదు. చిన్న కారుదే ఐదారు కిలోల పైన ఉంటుంది, డీజిల్ బండ్లది ఇంకా బరువు. అంచు పళ్లు పదునుగా ఉంటాయి కాబట్టి చేతి తొడుగులు వేసుకోవాలి.

లేత్ షాపుకు తీసుకెళ్తే ఎంత తక్కువ తీస్తే ముఖం శుభ్రమవుతుందో అంతే తీయమని చెప్పండి. ప్రెషర్ ప్లేటు బిగించే అంచు, ప్లేటు రాపిడి ముఖం వేర్వేరు ఎత్తుల్లో ఉంటే, రెండింటి నుంచీ ఒకేలా తీయాలి, లేకపోతే స్ప్రింగు బలం మారిపోతుంది. కొన్ని డీజిల్ బండ్లలో రెండు పలకల మధ్య స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. దాన్ని లేత్ మీద పెట్టకూడదు. చేత్తో తిప్పితే కంపెనీ చెప్పిన హద్దు దాటి ఆడుతున్నా, లోపల గ్రీజు కారుతున్నా మార్చడమే.

ఫ్లైవీల్ లేత్‌కు వెళ్లిన ఖాళీలో చేయాల్సిన పనులున్నాయి. క్రాంక్ చివర పైలట్ బేరింగ్ ఉంటే వేలితో తిప్పి చూడండి, గరగరలాడితే మార్చండి. ముందు చక్రాల బండ్లలో చాలావాటికి ఈ బేరింగ్ ఉండదు. క్రాంక్ సీలు, గేర్ బాక్స్ ఇన్‌పుట్ సీలు చూడండి. మర రంధ్రాల్లో ఎండిన థ్రెడ్ లాక్‌ను శుభ్రం చేయండి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఫ్లైవీల్ బోల్టులు ఒకసారికే అని రాసి ఉంటే కొత్తవి తెప్పించండి. కొన్ని బండ్లలో వీటిని ముందు టార్క్ రెంచ్‌తో, ఆ పైన కొన్ని డిగ్రీల కోణంతో బిగిస్తారు. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి ఆ పట్టు ఇవ్వదు. ఈ కొలతలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి పక్కింటి బండి లెక్క మీ బండికి వాడవద్దు. ఫ్లైవీల్ తిరిగి వచ్చేదాకా క్రాంక్ చివరకు, గేర్ బాక్స్ నోటికి శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచండి. వచ్చాక దాని ముఖాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, వేళ్లు తగలకుండా అంచులతోనే పట్టుకుని ఎక్కించండి.